సుబ్బరత్నం మానేసిన మాత్ర

పటమటలో రైతుబజారుకి వెళ్లే దారిలో, ఒక సందు మొదట్లో సుబ్బరత్నం కర్రీ పాయింటు ఉంది. ముందు గాజు బల్ల, దాని వెనక మూతలు పెట్టిన స్టీలు గిన్నెలు, లోపలి గదిలో పొయ్యిలు. ఇల్లు పై అంతస్తులో. ఆవిడ చేతి పప్పు ఎంత బాగుంటుందో చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఆవిడకి రోత ఎక్కువని కూడా అందరికీ తెలుసు.

ఎవరైనా గాజు బల్ల మీదకి వంగి దగ్గితే ఆవిడ మొహం ముడుచుకుపోతుంది. వేలికి ఉమ్ము తడి చేసుకుని నోట్లు లెక్కపెట్టే మనిషి చేతినుంచి డబ్బు తీసుకోదు, పక్కనున్న ప్లేటులో పెట్టమంటుంది. పక్క వీధి బజ్జీల బండివాడు నిన్నటి నూనె మళ్లీ కాగబెడితే ఇక్కడ నిలబడి చెప్పేస్తుంది. గిన్నెలు తోమిన పీచు వాసన వస్తే అన్నం మానేస్తుంది. ఆమె దగ్గర మొదటినుంచీ పనిచేస్తున్న క్రిస్టినా, "అక్కా, నీ ముక్కు మనిషి ముక్కు కాదు" అంటుంది.

ఆ ముక్కుతో ఆవిడ పడ్డ అవస్థ చిన్నది కాదు. పెళ్లయ్యాక కాపురం ఉయ్యూరులో. భర్త చక్కెర ఫ్యాక్టరీలో పని. చెరకు ఆడే రోజుల్లో మడ్డి వాసన ఇల్లంతా నిండేది. సాత్విక్ కడుపులో ఉన్నప్పుడు ఆ వాసనకి నెలల తరబడి పచ్చి మంచినీళ్లు కూడా ఇమడలేదు. అత్తగారు మాత్రం కోడలు వేషాలు వేస్తోందనేది. భర్త కామెర్లతో పోయాక పిల్లవాణ్ని తీసుకుని విజయవాడ వచ్చేసింది. హాస్టలు ఆడపిల్లలకి క్యారియర్లు కట్టడంతో మొదలుపెట్టి ఈ దుకాణం దాకా వచ్చింది. సాత్విక్ ఇప్పుడు గన్నవరం దగ్గర కార్ల షోరూములో మేనేజరు.

రెండేళ్ల క్రితం ఎండాకాలంలో ఒకరోజు, పోపులో ఎండుమిరపకాయలు వేస్తుండగా సుబ్బరత్నం గుండెలో ఏదో తిరగబడింది. బుట్టలో పడ్డ చేప కొట్టుకున్నట్టు, ఒక వరసంటూ లేకుండా కొట్టుకుంది. కళ్లు బైర్లు కమ్మితే గోడ పట్టుకుని కూలబడింది. క్రిస్టినా పొయ్యి ఆపేసి, ఆవిడ మణికట్టు పట్టుకుని చూసి హడలిపోయింది.

సాత్విక్ వచ్చి ఊళ్లో ఒక పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్లాడు. బయటంతా అద్దాలు, నేలంతా పాలరాయి. లోపల ఈసీజీ గదిలో మాత్రం మంచం మీద దుప్పటికి ఎవరిదో తలనూనె మరక. అంతకుముందు పడుకున్న మనిషి ఒంటికి పెట్టిన రబ్బరు బుడ్డీలనే, ఒక్క దూదిముక్కతో అలా తుడిచి, ఆవిడ గుండెలకి అంటించారు. చల్లటి జిగురు పక్కలకి కారింది. తుడుచుకోమని ఇచ్చిన కాగితం సగం అప్పటికే తడిసి ఉంది. ఆవిడ కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టుకుని పడుకుంది. టెక్నీషియను "ఊపిరి తీసుకోండమ్మా" అన్నాడు. ఆ గదిలో గాలి పీల్చుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

డాక్టరు కంప్యూటరు తెర చూస్తూ సాత్విక్‌తో ఇంగ్లీషులో మాట్లాడాడు. ఏఎఫ్ అన్న మాట రెండుమూడు సార్లు వినిపించింది. గుండె తనది, జబ్బు తనది, మాటలు మాత్రం తన తల మీదనుంచి పోతున్నాయి.

"నాకేమైందండీ?" అంది సుబ్బరత్నం.

"గుండె కొట్టుకోవడంలో కొంచెం తేడా ఉందమ్మా. మందులు రాశాను, వాడండి. ఆకుకూరలు మానేయండి. నెలనెలా రక్తపరీక్ష చేయించుకోండి."

"ఆకుకూరలకీ గుండెకీ ఏంటండీ సంబంధం?"

అప్పటికే ఆయన గంట నొక్కేశాడు. తలుపు తీసుకుని తరవాతి రోగి వచ్చి, ఆవిడ ఇంకా లేవకముందే స్టూలు పట్టుకున్నాడు. అతని చెమట వాసన తగిలి ఆవిడ లేచి బయటికి వచ్చేసింది. ఆ ఆస్పత్రిలో మనుషుల్ని గిన్నెల్లా వరసలో పెట్టి మూత తీసి, మూత వేసి పంపేస్తున్నారని అనిపించింది ఆవిడకి.

ఇంటికొచ్చాక కొడుకుని అడిగింది.

"ఇవి దేనికిరా?"

"గుండెకమ్మా."

"అన్నీ గుండెకేనా? ఈ పెద్దది దేనికి, ఈ చిన్నది దేనికి?"

"డాక్టరు రాశాడు కదా, వేసుకో. ఎందుకు ఇన్ని ప్రశ్నలు?"

సాత్విక్‌కీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి వాడికి మొహం చెల్లలేదు.

ఎవరూ చెప్పనప్పుడు మనిషి తనకి తోచిన అర్థం తను చెప్పుకుంటాడు. సుబ్బరత్నం కూడా చెప్పుకుంది. గుండె దడ కాబట్టి ఇవి దడ బిళ్లలు. మొదట కొన్ని వారాలు బుద్ధిగానే వేసుకుంది. దడ తగ్గింది. తగ్గాక ఇంకెందుకు? జ్వరం లేనప్పుడు జ్వరం బిళ్ల ఎవరు మింగుతారు? దడ వచ్చిన రోజు వేసుకుంది, రాని రోజు మానేసింది. ఆకుకూరల సంగతి ఇంకో చిక్కు. ఆవిడ దుకాణంలో జనం ఎగబడేది చుక్కకూర పప్పుకీ గోంగూరకీ. చేతిలో చుక్క వేసుకుని నాలిక మీద పెట్టుకోకుండా ఆవిడ ఏ గిన్నే బయటపెట్టదు. ఆకుకూర, ఆ చిన్న మాత్ర ఒకదానికొకటి పడవు కాబోలు, రెండూ కడుపులో కలిస్తే విషమవుతుందేమోనని, ఆకుకూర వండిన రోజు ఆ మాత్ర వదిలేసేది. అంటే వారంలో చాలా రోజులు.

రక్తపరీక్షలో తేడా కనిపించింది. డాక్టరు కళ్లజోడు పైనుంచి చూశాడు.

"మందులు సరిగ్గా వాడుతున్నారా?"

హోంవర్కు చేశావా అని పంతులు అడిగినట్టుంది ఆ అడగడం. బెత్తం చూసిన పిల్ల ఏం చెబుతుందో ఆవిడా అదే చెప్పింది.

"వాడుతున్నానండీ."

వాడుతున్నా పనిచేయడం లేదని ఆయన చిన్న మాత్ర మోతాదు పెంచాడు. మందుల షాపులో ఆ కంపెనీది లేదని వేరే కంపెనీది ఇచ్చారు. పాతది తెల్లగా, కొత్తది లేత గులాబీ రంగులో. పేరు వేరు, డబ్బా వేరు. కొత్త మందు చేర్చారనుకుంది సుబ్బరత్నం. పరీక్ష బాగా రాలేదని సాత్విక్ కూడా గట్టిగా పట్టుకున్నాడు. రోజూ పడుకోబోయే ముందు ఎదురుగా నిలబడి వేయించేవాడు. ఆవిడ తెల్లదీ వేసుకుంది, గులాబీదీ వేసుకుంది. రెండూ ఒకే మందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

కొద్దిరోజులకే పొద్దున్న పళ్లు తోముకుంటుంటే నురగ ఎర్రగా వచ్చింది. నోట్లో ఇనుప మేకు పెట్టుకున్నట్టు రుచి. ఏం తిన్నా అదే రుచి. చేతుల మీద, తొడల మీద, దెబ్బ తగిలిన గుర్తు కూడా లేకుండా నీలం మచ్చలు లేచాయి. ముగ్గిపోయిన వంకాయలా ఉన్నానని అద్దంలో చూసుకోవడం మానేసింది. ఒక పొద్దున్న కత్తిపీట దగ్గర బీరకాయలు తరుగుతుంటే బొటనవేలు తెగింది. చిన్న గాటు. వంటమనిషి వేలికి అలాంటివి వందలు ఉంటాయి. కానీ రక్తం ఆగలేదు. పసుపు అద్దారు, గుడ్డ చుట్టారు, గుడ్డ తడిసింది, ఇంకో గుడ్డ చుట్టారు. తరిగిన బీరకాయ ముక్కల మీద ఎర్రటి చుక్కలు. పెద్ద గంగాళం నిండా ముక్కలు, మొత్తం తీసుకెళ్లి పారబోయించింది.

"పైపైన తీసేస్తే సరిపోతుంది కదక్కా" అంది క్రిస్టినా.

"నా రక్తం పడ్డ కూర నేను అమ్మనా?" అంది సుబ్బరత్నం. ఆ రోజు దుకాణం తెరవలేదు.

ఆస్పత్రికి వెళితే ఈసారి పెద్ద డాక్టరు లేడు. ఇంకో కుర్ర డాక్టరు రిపోర్టు చూసి, "చాలా పెరిగిపోయింది. రెండు రోజులు ఆపి, తరవాత సగం వేసుకోండి" అన్నాడు. ఏం పెరిగింది, ఎందుకు పెరిగింది అన్నది అడగలేదు, చెప్పలేదు. ఆవిడ చెవిలో పడింది మొదటి ముక్క. ఆపమన్నాడు. ఆపేసింది. వారం తిరిగేసరికి పళ్లు తోముకున్న నురగ తెల్లగా వచ్చింది. చాలారోజుల తరవాత మొదటిసారి చారు రుచి చారులా ఉంది. ఆ మాత్ర తనని లోపలినుంచి కుళ్లబెడుతోందని, మానేసి మంచిపని చేశానని అనుకుంది.

అయినా, తరవాత సగం అన్నాడు కదా అన్న అనుమానం మిగిలి ఉండేది. దాన్ని కూడా తీసేసినవాడు వెంకటకృష్ణారావు. ఆయన రిటైరైన బ్యాంకు ఆఫీసరు. రోజూ పొద్దున్నే పప్పు, వేపుడు కట్టించుకుని, కట్టడం అయ్యాక కూడా గాజు బల్లకి ఆనుకుని దేశం సంగతులు చెబుతూ ఉంటాడు. ఆవిడ వేలికున్న కట్టు చూసి విషయం అడిగి, మాత్ర పేరు తన ఫోనులో కొట్టి చూశాడు.

"సుబ్బరత్నం గారూ, ఇదేంటో తెలుసా మీకు? ఎలుకల మందండీ ఇది. ఎలుకల్ని చంపడానికి వాడేది మనుషులకి అమ్ముతున్నారు. చూడండి, ఇక్కడ ఉంది."

ఆవిడ ఫోను చూడలేదు. ఎలుక అన్న మాటకే ఒక అడుగు వెనక్కి వేసింది. దుకాణంలో ఎలుక తోక కనిపించినా గదంతా ఫినాయిలుతో కడిగించే మనిషి. ఎలుకల మందు తిని బియ్యం బస్తాల వెనక చచ్చి ఉబ్బిన ఎలుక ఒకటి ఉయ్యూరు ఇంట్లో ఆవిడే తీసి పారేసింది. ఆ వాసన ఇన్నేళ్ల తరవాత మళ్లీ ముక్కులోకి వచ్చింది. అదేనా నేను మింగింది?

"తెల్లమద్ది చెక్క పొడి తెచ్చిస్తాను, కషాయం కాచుకుని తాగండి. గుండెకి దాన్ని మించింది లేదు" అన్నాడు వెంకటకృష్ణారావు. తెచ్చి ఇచ్చాడు కూడా.

కషాయం తడిసిన గోనెసంచి పిండినట్టు ఉండేది. ముక్కు మూసుకుని తాగేది. అసహ్యమే, కానీ చెట్టు తాలూకు అసహ్యం, ఎలుకది కాదు. కొడుకుతో చెబితే గొడవ చేస్తాడని చెప్పలేదు. ఆవిడ దారిలో పడిందనుకుని వాడు ఎదురుగా నిలబడటం మానేసి, చెత్తబుట్టలో ఖాళీ అట్టలు చూసి తృప్తిపడేవాడు. ఆవిడ రోజూ ఒక మాత్ర ఊడదీసి సింకులో వేసి నీళ్లు వదిలేది. రక్తపరీక్షకి వెళ్లమంటే, "వెళ్లొచ్చా, బాగానే ఉందన్నారు" అనేది. దడ కూడా పెద్దగా రావడం లేదు. కషాయం పనిచేస్తోందని వెంకటకృష్ణారావు పదిమందికి చెప్పుకున్నాడు.

అలా కొన్ని నెలలు గడిచాయి.

ఒక ఆదివారం పొద్దున దుకాణం ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. సుబ్బరత్నం టమాటా పప్పు అరచేతిలో చుక్క వేసుకుని నాలిక మీద పెట్టుకుంది. ఉప్పు తెలియలేదు. ఇంకొంచెం వేసుకుంది. అది నోట్లో నిలవలేదు. కుడివైపు పెదవి చివరినుంచి జారి, గడ్డం మీదనుంచి, చొంగతో కలిసి, తిన్నగా పప్పు గిన్నెలో పడింది. ఆవిడ చూసింది. ఎదురుగా నిలబడ్డ ఒకావిడ కూడా చూసి, మొహం పక్కకి తిప్పుకుంది.

"క్రిస్టినా, ఆ గిన్నె తీసెయ్" అనబోయింది. నోటినుంచి ఏదో ముద్ద శబ్దం వచ్చింది. అది తన గొంతేనా అనుకుంది. కుడిచేతిలో గరిటె ఎప్పుడు జారిందో తెలియదు, నేల మీద పడి మోగింది. మళ్లీ అనబోయింది. మళ్లీ చొంగ. తుడుచుకుందామంటే చెయ్యి లేవలేదు. ఆ క్షణంలో ఆవిడకి చావు భయం కలగలేదు. తన నోటి నీళ్లు పడిన గిన్నె జనం ముందు ఉంది, అది ఎవరూ తీయడం లేదు, అదొక్కటే బాధ.

క్రిస్టినా వచ్చి మొహం చూసింది. మూతి ఒక పక్కకి లాగేసి ఉంది. క్రిస్టినా తండ్రి కూడా ఇలాగే మూతి వంకరపోయి మంచాన పడ్డాడు. "సాత్విక్ బాబూ, కారు తియ్యి" అని మేడ మెట్ల వైపు కేకవేసి, సుబ్బరత్నాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చోబెట్టింది.

పెద్ద ఆస్పత్రి దూరమని దగ్గరలోని ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్లారు. వెంటనే తలకి స్కాను తీశారు. మెదడుకి వెళ్లే ఒక చిన్న నాళంలో రక్తం గడ్డ అడ్డుపడిందని, సకాలంలో తెచ్చారని చెప్పి ఇంజెక్షను ఇచ్చారు. సాయంత్రానికి మూతి కొంత సర్దుకుంది. మాట ముద్దగానే వచ్చింది. కుడిచేతి వేళ్లు మాత్రం ముడవమంటే బద్ధకంగా ముడుచుకున్నాయి.

వార్డులో గడిపిన రోజులు సుబ్బరత్నానికి నరకం. జబ్బుని మించి, ఒంటిని ఇతరులకి అప్పజెప్పడం. ఆయాలు డైపరు మార్చేటప్పుడు తలగడ మీద మొహం అటు తిప్పుకుని పళ్లు బిగించేది. క్యాంటీను సాంబారు వాసన వరండా చివరనుంచే తెలిసేది, అందులో పప్పు అడుగంటిందని కూడా తెలిసేది. క్రిస్టినా ఇంటినుంచి మెత్తటి పెరుగన్నం తెచ్చి చెంచాతో పెడుతుంటే సగం గడ్డం మీదకి జారేది. ఊరంతటికీ వండిపెట్టిన మనిషి మెడకి తువ్వాలు కట్టించుకుని తింటోంది. ఏడ్చేది. క్రిస్టినా తుడిచేది. ఆ తుడవడంలో రోత అన్నది ఎక్కడా లేకపోవడం ఆవిడకి ఇంకా కష్టంగా ఉండేది. తాను అయితే తుడవగలిగేది కాదు.

అక్కడి డాక్టరు పేరు హెలెన్. నలభై ఏళ్లుంటాయి, గొంతు మెల్లగా ఉంటుంది. సాత్విక్‌ని అడిగింది.

"రక్తం పలచబరిచే మందు వాడుతున్నారా అమ్మగారు?"

"రోజూ వేసుకుంటుందండీ. ఖాళీ అట్టలు నేనే చూస్తాను."

"రక్తపరీక్షలో ఆ మందు జాడే లేదండీ."

సాత్విక్ తల్లి వైపు చూశాడు. సుబ్బరత్నం కళ్లు దించుకుంది. వాడు నోరు తెరిచేలోపు హెలెన్ వాణ్ని బయట కూర్చోమని పంపించి, కుర్చీ మంచం పక్కకి లాక్కుని కూర్చుంది.

"ఎందుకు మానేశారమ్మా?"

ఎందుకు అని అడిగిన మొదటి మనిషి. సుబ్బరత్నం ముక్కలు ముక్కలుగా చెప్పింది. రక్తం, బీరకాయలు, నోట్లో ఇనుము రుచి, తెల్లది, గులాబీది. చివరికి, "అది... ఎలుకల మందంట కదండీ" అంది.

కాదని బుకాయిస్తుందనుకుంది. హెలెన్ తల ఊపింది.

"ఆ జాతి మందేనమ్మా. ఎలుకకి రక్తం కారిపోయేంత పెడతారు. మీకు రక్తం గడ్డకట్టకుండా ఉండేంత ఇస్తాం. ఆ రెండింటికీ మధ్య మోతాదు తప్పకూడదనే నెలనెలా పరీక్ష. తెల్లది, గులాబీది ఒకటే మందు. మీరు రెండు పాళ్లు మింగారు. అందుకే రక్తం ఆగలేదు."

"ఒకటేనా?"

"ఒకటే. మీరేం పని చేస్తారమ్మా?"

చెప్పింది.

"అయితే పెరుగు తోడేయడం మీకు నేను చెప్పక్కర్లేదు. తోడు వేసిన పాలు గిలకొడుతూ ఉంటే పెరుగవుతుందా?"

"అవదండీ. కదపకూడదు."

"మీ గుండెలో పైన ఒక గది ఉంది. అది గట్టిగా ముడుచుకుని రక్తాన్ని కిందకి తోయాలి. మీకు అది ముడుచుకోవడం లేదు, ఊరికే వణుకుతోంది. చిన్నప్పుడు మీకు కీళ్లనొప్పుల జ్వరం వచ్చిందని మీ అబ్బాయి చెప్పారు, దానివల్ల కింద కవాటం కూడా కొంచెం బిగుసుకుంది. అందుకని ఆ గదిలో ఒక మూలన రక్తం కదలకుండా నిలబడుతుంది. నిలబడితే తోడుకుంటుంది. అందులోంచి ఒక ముక్క ఊడి మెదడులోకి వెళ్లింది. దడ ఉన్నా లేకపోయినా ఆ తోడుకోవడం జరుగుతూనే ఉంటుంది, మీకు తెలియదు. పెద్ద మాత్ర గుండె వేగం తగ్గించడానికి. చిన్నది తోడుకోకుండా ఉండటానికి. చిన్నది వేసుకుంటే మీకు ఏమీ తెలియదు. హాయిగా ఉండదు, దడ తగ్గదు. ఏమీ జరగకపోవడమే దాని పని."

"మరి ఆకుకూరలు?"

"ఆకుకూరలో ఉన్నది ఈ మందుకి అడ్డం వస్తుంది. మానక్కర్లేదు, విషం కాదు. కానీ ఒకరోజు బుట్టెడు, ఒకరోజు సున్నా అయితే మోతాదు అంచనా తప్పుతుంది. రోజూ ఇంచుమించు ఒకేలా తినండి, దానికి తగ్గట్టు నేను మందు సర్దుతాను. వెల్లుల్లి పొడులు, కషాయాలు నన్నడక్కుండా వద్దు. షాపువాళ్లు రంగు మారిన మందిస్తే ముందు నాకు ఫోను చేయండి. ఇప్పుడు ఇదంతా మీ మాటల్లో ఒకసారి నాకు చెప్పండి."

సుబ్బరత్నం నంగినంగిగా అప్పజెప్పింది. తప్పు పోయిన చోట హెలెన్ మళ్లీ చెప్పింది. తోడు వేయడానికి పాలు చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

డాక్టరు వెళ్లిపోయాక ఆవిడకి రావలసిన కృతజ్ఞత రాలేదు. వాంతి వచ్చేంత రోత వచ్చింది. ఇంతేనా? ఈ నాలుగు మాటలకి నా చెయ్యి పోవాలా? నెలల తరబడి ఆ అద్దాల మేడ చుట్టూ తిరిగాను, జిగురు పూయించుకున్నాను, రక్తం పీకించుకున్నాను. అన్ని పాలరాళ్లు పరిచిన వాళ్లకి ఒక్క వాక్యం తెలుగులో చెప్పడానికి తీరలేదు. కొడుకుకి తెలియదని చెప్పడానికి నామోషీ. నాకు అబద్ధం చెప్పడానికి మాత్రం నామోషీ లేకపోయింది. సింకులో నీళ్లు వదిలి మాత్రలు కొట్టుకుపోతుంటే చూస్తూ నిలబడిన తనమీద తనకి అన్నిటికన్నా ఎక్కువ అసహ్యం వేసింది.

సాత్విక్ ఆ రోజంతా బయట వరండాలోనే ఉన్నాడు. రాత్రి భోజనం వేళ వచ్చి, "చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు.

"నువ్వూ చెప్పొచ్చు కదరా, తెలియదని" అంది తల్లి.

వాడు పక్కన కూర్చుని ఆవిడ కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే చాపుతూ ఉండిపోయాడు.

డిశ్చార్జికి ముందురోజు వెంకటకృష్ణారావు చూడ్డానికి వచ్చాడు. యాపిల్ పళ్లు, మళ్లీ ఒక పొట్లం.

"కషాయం మధ్యలో ఎక్కడో ఆపి ఉంటారు సుబ్బరత్నం గారూ. ఈసారి మోతాదు పెంచుదాం."

సుబ్బరత్నం ఆయన్ని పరకాయించి చూసింది. ఇస్త్రీ చొక్కా, జేబులో చిన్న ప్లాస్టిక్ డబ్బీ. వారం రోజుల మాత్రలకి ఏడు అరలున్న డబ్బీ.

"అన్నయ్యగారూ, అదేంటండీ జేబులో?"

"ఇదా? బీపీ బిళ్లలు. స్టెంటు వేశారు కదా, దాని బిళ్లలు. ఒక్కపూట కూడా తప్పనివ్వను నేను."

"మరి కషాయం?"

"నాకు ఇంగ్లీషు మందే పడిందమ్మా. నా సంగతి వేరు."

ఆ మాట ఆయన ఏ సంకోచమూ లేకుండా అన్నాడు. తన మాటలో ఏం ఉందో ఆయనకే వినిపించలేదు. కుళ్లిన కూరగాయ మీద చెయ్యి పడినట్టు సుబ్బరత్నం ఒళ్లు జలదరించింది. తిట్టాలనుకుంది. నోరు ఇంకా పూర్తిగా స్వాధీనంలో లేదు. ఎడమచేత్తో పొట్లం తీసి ఆయన ఒళ్లో పెట్టింది.

"పట్టుకెళ్లండి. పళ్లు కూడా."

ఆయన నొచ్చుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడు పప్పు వేరేచోట కొనుక్కుంటున్నాడట.

దుకాణం మూడు నెలలు మూసి, మళ్లీ తెరిచారు. కుడిచేతికి పట్టు సగమే తిరిగొచ్చింది. కవరులో కూర పోసి రబ్బరు బ్యాండు తిప్పి ముడివేయడం ఆవిడకి చేతకావడం లేదు. అది క్రిస్టినా చేస్తుంది. పొయ్యి దగ్గర పెత్తనం కూడా మెల్లగా క్రిస్టినా చేతికి వచ్చింది. రుచి చూడటం మాత్రం సుబ్బరత్నం వదల్లేదు. గిన్నెకి దూరంగా, గోడవైపు తిరిగి చూస్తుంది. చూశాక పెదవి చివర రుమాలుతో అద్దుకుంటుంది, అక్కడ ఏమీ లేకపోయినా.

మాత్రలు రోజూ వేసుకుంటోంది. ఇష్టపడి కాదు. కాలువలో పేరుకున్న జిడ్డు గోకినట్టు, చేయకపోతే ఏమవుతుందో తెలిసి చేస్తుంది. చిన్న మాత్ర నాలిక మీద పెట్టుకున్నప్పుడల్లా ఎలుక గుర్తొస్తుంది. గుర్తొచ్చినా మింగుతుంది. నెలనెలా హెలెన్ దగ్గరికి వెళ్లి రక్తం ఇచ్చి వస్తుంది. పప్పులో ఆకుకూర తన కంచంలోకి రోజూ ఒకే గరిటె.

ఈమధ్య ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ఆ అద్దాల ఆస్పత్రి నుంచి ఒక అమ్మాయి.

"నమస్తే అండీ. మీరు చాలాకాలంగా చెకప్‌కి రాలేదు. మా సేవల గురించి మీ అభిప్రాయం తెలుసుకుందామని చేశామండీ. ఒకటి నుంచి అయిదు లోపు ఎంత ఇస్తారు?"

"నాకు మీరిచ్చిన మందులు దేనికో మీ కంప్యూటర్లో ఉందా అమ్మా?"

"అది డాక్టరు గారు చెప్తారండీ."

"చెప్పలేదు. అది రాసుకో."

అవతల కాసేపు మీటలు నొక్కిన చప్పుడు. "మేడమ్, అలా రాయడానికి ఇక్కడ ఆప్షన్ లేదండీ. అంకె మాత్రమే చెప్పాలి."

సుబ్బరత్నం నోటిదాకా వచ్చిన తిట్టు ఆపుకుంది. ఆ పిల్లకి ఇరవై ఏళ్లు కూడా ఉండవని గొంతే చెబుతోంది. ఒక చిన్న గదిలో చెవులకి యంత్రం తగిలించుకుని రోజంతా ఇదే పాఠం చదువుతూ ఉంటుంది.

"ఏ అంకె వేస్తే నీ ఉద్యోగానికి ఇబ్బంది లేదో అది వేసుకో తల్లీ" అని ఫోను పెట్టేసింది. కొంగుతో ఫోను రెండువైపులా తుడిచి, లోపలికి వెళ్లి, చింతపండు నానబెట్టావా అని క్రిస్టినాని అడిగింది.